‘కొట్టినారు’ అని రాసిన రోజు

నేను మొదటిసారి లారీ ఎక్కింది పోలీసులు ఎక్కించినందుకే. అప్పుడు నాకు పందొమ్మిదేండ్లు. పెండ్లయి హోసూరు పక్కన అత్తిముగానికి కాపురానికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పోలీసులు పట్టుకుపోయిన దినాన్ని తలచుకొని ఇంతగా నగేదేంది అవ్వా అని నా మనవరాండ్లు అడుగుతారు. ఏం చేసేది, తలచుకుంటే నగు వస్తాది. ఏడుపు వచ్చే సంగతి గూడా అందులో ఉంది. రెండూ చెప్తాను.

అది అరవైల నడుమ కాలం. వరసగా వానలు మొహం చాటేసినాయి. రాగి పైరు మోకాలెత్తు రాకముందే ఎండిపోయింది. బియ్యం, రాగులు ఇచ్చేదానికి ఊర్లో సొసైటీ అంగడి ఒకటి ఉండింది గానీ, ఎప్పుడు పోయినా దాని తలుపుకి ఒక చీటీ అంటించి ఉండేది. ‘సరుకు రాలేదు’ అని. మా వీధి ఆడోళ్లలో చదవను వచ్చేది నాకొక్కదానికే. ఎనిమిదో తరగతి దాకా తెలుగు బడికి పోయినదాన్ని. అందుకని ఆ చీటీ చదివే పని నాకు పడింది. సంచులు ఎత్తుకొని వచ్చినోళ్లు చీటీ చూసి, నా మొహం చూసేవాళ్లు, నేను చదివితే ఏమన్నా మారుతాదేమోనని. నేను చదివేదాన్ని. అదే మాట. కొందరు నామీద గూడా కోపం చేసుకునేవాళ్లు.

అట్లుంటే ఒకరోజు కూలి సంగం వాళ్లు వచ్చినారు. ఒక మంత్రి కృష్ణగిరికి వస్తాడంట. ఆడ ట్రావెలర్స్ బంగళాలో దిగుతాడంట. ‘ఆడోళ్లందరూ వంట తపేలాలు ఎత్తుకొని రండి. ఆయన వచ్చే దోవలో నిలబడి ఖాళీ తపేలాలు వాయించండి. అర్జీ ఇయ్యండి. అంతే’ అని చెప్పి, అర్జీ కాగితం మా అత్త చేతికి ఇచ్చి పోయినారు.

మా అత్త చేతికే ఎందుకిచ్చినారంటే, ఊర్లో ఆయమ్మ నోరు అంత పెద్దది. మనిషి గూడా పొడుగు. నాట్లప్పుడు ఆయమ్మ పాట ఎత్తుకుంటే పక్క ఊరి కయ్యల్లో వాళ్లు అందుకునేవాళ్లు. నామీద ప్రేమ లేకపోలేదు గానీ, నా చదువు మాత్రం ఆయమ్మకు పెద్ద వేడుక. ‘నా కోడలు ఉప్పు పొట్లం విప్పితే ఉప్పు నేలపాలు. కాగితం మాత్రం భద్రం’ అని అందరికీ చెప్పి నగేది. నాకు రోషంగా ఉండేది. కానీ నిజమే గదా!

మా ఊరినించి పదైదు మంది ఆడోళ్లం బయల్దేరినాము. బస్సుకి పోయే తాహతు ఎవురికీ లేదు. నడిచినాము. శూలగిరి దాటి, పెద్దరోడ్డు పట్టుకొని, పొద్దుగూకే లోపల కుందారపల్లికి చేరినాము. ఆడ మా అత్త చెల్లెలు ఉండేది. ఆమె ఇంటి వసారాలో పండుకొని, తెల్లారి మళ్లీ నడక. దోవ పొడుగునా మా అత్త తపేలా వాయిస్తా పాట, మేము బదులు. ఇంట్లో పిండి లేదు, కడుపులో గంజి తప్ప ఏమీ లేదు, కానీ ఆ రెండు దినాలు మా ఆనందం చూడాల! వంట లేదు, పేడ తీసేది లేదు, మొగోళ్లకు అన్నం పెట్టేది లేదు. ‘ఈ మంత్రి నెలకొకసారి వస్తే బాగుండు’ అనింది ఒకామె. కొండమీద కృష్ణగిరి కోట కనిపించేసరికి పెండ్లికి పోయేవాళ్ల మాదిరి కొప్పులు సర్దుకున్నాము.

ఊర్లో అడుగు పెడితే జనం, జనం. బర్గూరు పక్కనించి వచ్చినోళ్లు, రాయకోట పక్కనించి వచ్చినోళ్లు, మగ్గాలు నేసేవాళ్లు, బండలు కొట్టేవాళ్లు. ఆ జనంలో ఒకాయన చేతిలో చిన్న నోటు పుస్తకం పట్టుకొని తిరుగుతా ఉండినాడు. బక్కపల్చని మనిషి, అద్దాలు పెట్టుకొని, వేళ్లకి నల్లగా సైకిలు గ్రీజు. హోసూరులో ఆయనకు సైకిలంగడి ఉంది. అది పక్కన పెట్టుకొనే మద్రాసులో అచ్చయ్యే ఒక తెలుగు పేపరుకి వార్తలు రాసి పంపేవాడు. ఆయన పేరు పెద్దగా ఎవురూ పిలిచేవాళ్లు కాదు, ‘పేపరాయన’ అంటేనే తెలిసేది.

“యా ఊరమ్మా మీది?” అని మన తెలుగులో అడిగేసరికి మావాళ్లందరూ ఈగల మాదిరి ఆయన చుట్టూ మూగినారు. ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్తారు. ఆయన ఎవురిది రాసుకునేది?

“అప్పా, నువ్వు రాసేది నా కోడలు చదువుతాది. తప్పు రాస్తే పట్టేసుకుంటాది, జాగ్రత్త” అనింది మా అత్త.

అంతవరకు నా చదువును వెక్కిరించిన నోరే అది. నేను అత్త మొహం చూసినాను. ఆయమ్మ నాపక్క చూడకుండా తపేలా తుడుచుకునింది.

పొద్దెక్కింది. మంత్రి రాలేదు. మేము బంగళాకి పోయే రోడ్డు పక్కన వరసగా నిలబడి వాయించేది మొదలుపెట్టినాము. వందల తపేలాలు! ఒక్కొక్క తపేలాది ఒక్కొక్క గొంతు. కంచుది గణగణ, అల్యూమినియందేమో తకతక, పగిలిన దానిది ముసలోళ్ల దగ్గు మాదిరి. రొంతసేపటికి వాటంతట అవే ఒక తాళంలో పడినాయి. ఒళ్లు జలదరించింది నాకు. చెట్లమీద కాకులన్నీ లేచి పోయినాయి. ఎదురుగా వరసగా నిలబడిన పోలీసుల్లో చిన్నవాడొకడు తనకి తెలియకుండానే కాలితో తాళం వేస్తా ఉంటే, నేను చూసి పక్కామెకు చూపించినాను. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నగినాము.

అప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చి అరవంలో అరిచినాడు, అయిదు నిమిషాల్లో అందరూ చెదిరిపోవాలని. మాకు అరవం బాగానే వస్తాది. కన్నడం గూడా వస్తాది. అయినా మా అత్త చేతులు జోడించి అడిగింది:

“మా దగ్గర గడియారం లేదు సామీ. అయిదు నిమిషాలంటే ఎంతసేపు?”

జనమంతా గొల్లుమని నగినారు. ఆయన మొహం ఎర్రబడింది. అయిదు నిమిషాలు అయిందో లేదో నాకు తెలియదు. ఈల మాత్రం విన్నాను.

తరవాత జరిగింది నగేటిది కాదు. లాఠీలు ఎత్తుకొని మొగోళ్ల పక్క ఉరికినారు. మొదట మగ్గాలు నేసేవాళ్ల మీద పడినారు. ఒక పిల్లోడికి తల పగిలి చొక్కా అంతా ఎరుపు. బర్గూరు పక్కనించి వచ్చిన ఒక పెద్దామె వీపు మీద పడింది దెబ్బ. ఆమె పడిపోయినా తపేలా మాత్రం వదల్లేదు. ఎవురో ఆమెను లేపినారు. పేపరాయన మాకు నాలుగడుగుల దూరంలో మైలురాయి మీద ఒక కాలు పెట్టి, మోకాలి మీద పుస్తకం ఆనించి రాస్తానే ఉన్నాడు. ఒక కానిస్టేబుల్ ఆయన దగ్గరికి వచ్చినాడు.

“రాసేది నిలుపు!”

“నేను పేపరు వాణ్ణి” అని ఆయన ఎడమచేత్తో జేబులోంచి కార్డు తీసి చూపించినాడు. కుడిచేయి రాస్తానే ఉంది.

కానిస్టేబుల్ కార్డు చూడలేదు. రాసే చేతినే చూసినాడు. సరిగ్గా మణికట్టు మీద లాఠీ దించినాడు. పచ్చికట్టె విరిగిన మాదిరి చప్పుడు. పేపరాయన అరవను గూడా లేదు, నోరు తెరిచినాడంతే. పుస్తకం పోయి మురిక్కాలవలో పడింది. సబ్ ఇన్‌స్పెక్టరు నడుచుకుంటా వచ్చి దాన్ని బూటుతో ఇంకా లోపలికి తోసినాడు. పెన్ను ఎవురి కాలి కిందనో పడి పగిలింది. అంతకు రొంత ముందరే నేను నగుతా ఉన్నాను గదా, ఆ నగవు నా మొహంమీద అట్లే అతుక్కొని ఉన్నట్లనిపించి, కొంగుతో గట్టిగా తుడుచుకున్నాను.

మొగోళ్లను ఒక వ్యానులో కుక్కి ఎత్తుకొని పోయినారు. మమ్మల్ని ఏం చేసేదో వాళ్లకు తెలియలేదు. ఆ కాలంలో ఆడ పోలీసులు యాడున్నారు? ముట్టుకునేదానికి వాళ్లకు భయం, ముట్టుకోకుండా ఎట్ల ఎక్కించేది? కడాకు మమ్మల్ని గొర్రెల మాదిరి తోలుకుంటా పోయి స్టేషను వెనక, కంచె వేసిన సంత బయల్లో కూర్చోబెట్టినారు. మొగోళ్ల వ్యాను అప్పటికే పోయిందని పేపరాయన్ని గూడా తెచ్చి మా నడమనే కూర్చోబెట్టినారు. ‘ఆడోళ్ల దగ్గర కూర్చొని రాసుకో పో’ అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

చేయి అప్పటికే సొరకాయ మాదిరి వాచిపోయింది. మా అత్త తన పాత చీర కొంగు చించి, రెండు పుల్లలు పెట్టి కట్టింది. ఆయన మొహమంతా చెమట. నొప్పికి ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆయన దిగులు వేరే.

“పొద్దు తిరిగేలోపల రాయకపోతే సాయంత్రం బెంగళూరు పోయి మద్రాసు రైలు టపాలో వెయ్యలేను. పుస్తకం గూడా పోయిందే” అన్నాడు.

“నా కోడలు రాస్తాది” అనింది మా అత్త.

అందరూ నాపక్క తిరిగినారు. నా గుండె తపేలా కంటే గట్టిగా కొట్టుకునింది. కాగితం? అర్జీ ఉంది గదా! మంత్రి రాలేదు, దాన్ని తీసుకునే దిక్కు లేదు. మా అత్త నడుములోంచి తీసి ఇచ్చింది. వెనకపక్క అంతా ఖాళీ. మరి పెన్సిలు?

మాకు కాపలా ఒక హెడ్ కానిస్టేబుల్ ఉండినాడు. నడివయసు మనిషి, పొట్ట కొద్దిగా ముందుకు, నీడకోసం తడిగుడ్డ నెత్తిన వేసుకొని కూర్చున్నాడు. నేను లేచి ఆయన దగ్గరికి పోయి, “అన్నా, పెన్సిలుంటే ఇస్తావా? ఇంటికి జాబు రాసుకోవాల, మా ఆయన కంగారు పడతాడు” అని తెలుగులో అడిగినాను.

“యా ఊరమ్మా?” ఆయనది గూడా హోసూరు పక్క తెలుగే!

“అత్తిముగం.”

ఆయన నా చేతిలోని అర్జీ కాగితం చూసినాడు. నా వెనక పేపరాయన చేయి చూసినాడు. చెవి సందులోంచి పెన్సిలు తీసి ఇచ్చినాడు. “జాబు బాగా రాయి. నా నంబరు మాత్రం అందులో రాయొద్దు తల్లీ” అని ఇంకోపక్కకి తిరిగి కూర్చున్నాడు.

నేను తపేలా బోర్లించి దానిమీద కాగితం పెట్టుకున్నాను. పేపరాయన కండ్లు మూసుకొని చెప్పేది మొదలుపెట్టినాడు. అప్పటి పేపర్ల భాషే వేరు గదా.

“కృష్ణగిరిలో నేడు... ధాన్యపు కొరతకు నిరసనగా... ప్రదర్శకులపై పోలీసువారు స్వల్పముగా లాఠీలు ఝళిపించిరి...”

నేను ‘కొరతకు నిరసనగా’ దాకా రాసి ఆపినాను. “స్వల్పముగా అంటే?”

“రొంత అని.”

మా అత్త ఆయన కట్టుకట్టిన చేతిని మెల్లగా ఎత్తి ఆయన కండ్ల ముందరే పెట్టింది. “ఇది రొంతనా అప్పా?”

“అట్లే రాస్తారమ్మా. పేపర్లో అదే వాడుక.”

“ఝళిపించిరి అంటే ఏమి?” అనింది ఒకామె.

“ఊపినారు అని” నేను చెప్పినాను.

“ఊపేదానికి అవేమన్నా విసనకర్రలా? దోమలు తోలినారా మనకు?”

అంతే, నగవు మొదలైంది. మొదట ఒకరు, తరవాత ఇద్దరు, తరవాత అందరూ. కడుపు పట్టుకొని నగినాము. పేపరాయన గూడా నగినాడు, నగితే చేయి అదిరి ‘అబ్బా’ అని, మళ్లీ నగి, మళ్లీ ‘అబ్బా’ అని. అద్దాల కింద కండ్లలో నీళ్లు, అది నొప్పికో నగవుకో.

“సరేనమ్మా, మీరేమంటారో అదే చెప్పండి” అన్నాడు. “లాఠీచార్జి జరిగింది అని రాయి.”

“జరిగిందంటే ఎవురు చేసినట్ల?” మా అత్త పట్టు వదల్లేదు. “వాన పడింది, ఎండ కాసింది అన్నట్లుంది. వాళ్లు కొట్టినారు. కొట్టినారు అని రాయమ్మే.”

రాసినాను. ‘పోలీసులు కొట్టినారు.’ నా జన్మలో నేను రాసిన మాటల్లో అంత నిండుగా కాగితం మీద కూర్చున్న మాట ఇంకోటి లేదు.

తరవాత ఒకటే గోల. నన్ను రాయి అంటే నన్ను రాయి అని. పేర్లు రాస్తే తరవాత పోలీసులు ఇండ్లకి వస్తారు, పేర్లు వద్దన్నాడు పేపరాయన. అందుకని ‘ఒక ముసలామెను వీపు మీద కొట్టినారు’ అని రాసినాను. దెబ్బ తిన్న బర్గూరు పెద్దామె పక్కనే ఉండింది. బోర్లా పండుకొనే, “ముసలామె ఎవురు? నాకింకా పండ్లన్నీ ఉన్నాయి” అని గొణిగింది. కొట్టేసి ‘ఒకామెను’ అని మార్చినాను. ఇంకొకామె వచ్చి, “నన్ను కొట్టలేదు గానీ, కొట్టేదానికి చెయ్యెత్తినాడు. అది గూడా వెయ్యి” అనింది. దానికి చోటు లేదంటే అలిగింది. తల పగిలిన మగ్గాల పిల్లోడి సంగతి వచ్చినప్పుడు మాత్రం అందరూ నా కాగితం మీదికి వంగినారు. అది నేను ఒక్క తప్పు గూడా లేకుండా రాసినాను. ఆడ ఉండినోళ్లందరూ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నారు. కడాన, ‘విలేఖరి చేతిని గూడా కొట్టినారు’ అని నేనే చేర్చినాను. ఆయన వద్దన్నాడు, తన గురించి తాను రాసుకోకూడదని. “నువ్వు రాయలేదు గదప్పా, నేను గదా రాసేది” అన్నాను. నాకెక్కడిది అంత ధైర్యం, ఇప్పటికీ అర్థం కాదు.

కాగితం మడిచి ఆయన చొక్కా లోపల పెట్టినామో లేదో, లారీ వచ్చింది. మమ్మల్ని జైలుకి పంపితే కేసు రాయాల, పేర్లు రాసుకోవాల, కోర్టుకి తీసుకుపోవాల. ఆ తలనొప్పి ఎందుకని సబ్ ఇన్‌స్పెక్టరు వేరే ఉపాయం చేసినాడు. డ్రైవరుతో, హెడ్ కానిస్టేబుల్‌తో అరవంలో చెప్పినాడు: “వీళ్లని హోసూరు రోడ్డులో ఎత్తుకొని పో. కుందారపల్లి దాటి, శూలగిరి దాటి, యాడన్నా గుట్టల్లో దించేసి రా. నడుచుకుంటా తిరిగి రానీ. కాళ్లు బొబ్బలెక్కితే మళ్లీ తపేలా పట్టరు.”

మేమందరం కృష్ణగిరి ఊరోళ్లమే అనుకున్నాడు ఆ మహానుభావుడు!

నేను మా అత్తను చూసినాను. ఆయమ్మ నన్ను చూసింది. పదైదు మందిమీ ఒకరినొకరు చూసుకున్నాము. అంతే, మా అత్త నేలమీద కూలబడి రెండు చేతులూ ఎత్తి ఏడుపు లంకించుకునింది.

“అయ్యో సామీ! శూలగిరి పక్కన మాత్రం దించొద్దు సామీ! ఆ దేశం మాకు తెలియదు సామీ! కావాలంటే జైల్లో పెట్టండి!”

మావాళ్లందరూ అందుకున్నారు. చావింట్లో గూడా అంత బాగా ఏడ్చి ఉండరు. నాకు ఏడుపు రాలేదు, లోపలనించి నగవు పొంగుకొని వస్తా ఉంది. కొంగు నోట్లో కుక్కుకొని తల దించుకొని భుజాలు కదిలించినాను. వెక్కివెక్కి ఏడుస్తా ఉందని సబ్ ఇన్‌స్పెక్టరుకి నామీద జాలి గూడా వచ్చినట్లుంది, మొహం తిప్పుకున్నాడు. నా ఊరు తెలిసిన మనిషి ఒక్కడే, ఆ హెడ్ కానిస్టేబుల్. ఆయన ఆకాశంలో గద్దల్ని లెక్కపెడతా నిలబడినాడు.

గడియారం మాట అన్నందుకు ఆయన కోపమంతా మా గుంపుమీదే. మిగిలిన ఆడోళ్లని వదిలేసినాడు, గాయాలు తగిలినోళ్లని సంగం వాళ్లు వచ్చి ఆస్పత్రికి పిల్చుకొని పోయినారు. పేపరాయన్ని మాత్రం సబ్ ఇన్‌స్పెక్టరు వదల్లేదు, మాతోపాటు లారీలోకే. ఆ లారీ ఎత్తు! చీరలతో ఎట్ల ఎక్కేది? మా అత్త ఎక్కనే ఎక్కనని మొండికేసింది. కడాకు ఇద్దరు పోలీసులు టీ అంగడినించి బెంచీ మోసుకొని వచ్చి వేసినారు. మహారాణుల మాదిరి ఒక్కొక్కరమే బెంచీ ఎక్కి, లారీ ఎక్కినాము.

లారీ కదిలింది. మొదట బండి పక్కలు గట్టిగా పట్టుకున్నాము. తరవాత గాలి! నేను అంతవరకు ఎప్పుడూ నాకంటే బిరిన, అంత జోరుగా పోయే గాలిని ఎదుర్కోలేదు. కొప్పులూడిపోయినాయి. చింతచెట్లు మామీదికి ఉరికి వచ్చి పక్కకి తప్పుకున్నట్లు పోతా ఉన్నాయి. రెండు దినాలు మేము కాళ్లీడ్చుకుంటా నడిచిన దారి చుట్టచుట్టినట్ల వెనక్కి పోతా ఉంది. ఒకామె వాంతి చేసుకొని, మూతి తుడుచుకొని, “ఇంకా బిరిన పోనీమను!” అని అరిచింది. నగినాము. గతుకు వస్తే ఎగిరిపడి నగినాము. వెనక మాతోపాటు కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ చేతులెత్తి దండం పెట్టినాడు.

“అమ్మలారా, మీకు పుణ్యముంటాది, రొంత ఏడవండి! ముందర డ్రైవరు వింటాడు. నా ఉద్యోగం పోతాది!”

అప్పుడు మేము ఏడ్చినాము, వరసలు పెట్టి, రాగాలు తీసి. కుందారపల్లిలో మా అత్త చెల్లెలు రోడ్డు పక్కన పిడకలు చేస్తా ఉండింది. పోలీసు లారీలో అక్కను చూసి ఆమె నిజంగానే గుండెలు బాదుకుంటే, మా అత్త ఏడుస్తానే చేయి ఊపి, “మేము బాగున్నాము! ఇంటికి పోతా ఉన్నాము!” అని పాటలో కలిపి చెప్పింది.

శూలగిరి ఇంకా రెండు మైళ్లుండగానే డ్రైవరు బండి నిలిపినాడు. “ఈడ చాలు, దిగండి” అన్నాడు. మా మొహాలు వాడిపోయినాయి. మా అత్త కండ్లు తుడుచుకొని, “ఈడ దించితే మేము సాయంత్రానికే తిరిగి వచ్చేస్తాము సామీ. రేపు మళ్లీ తపేలా వాయిస్తాము. మీ దొరకి కోపం వస్తాది” అనింది.

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. హెడ్ కానిస్టేబుల్ గంభీరంగా మొహం పెట్టి, “అది నిజమేనప్పా. పెద్దరోడ్డు మీద దించితే బస్సులు గూడా దొరుకుతాయి వీళ్లకి. శూలగిరి దాటినాక బేరిగె దారికి తిప్పు. ఆడ దిక్కు మొక్కు ఉండదు” అన్నాడు.

బేరిగె దారిలోనే గదా మా ఊరు!

దారి చీలిక దగ్గర హెడ్ కానిస్టేబులే, ‘ఈ మనిషికి జొరం వచ్చేటట్టుంది, మనకెందుకు’ అని పేపరాయన్ని దించేసినాడు. పేపరాయన దిగి, కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో పట్టుకొని నాపక్క చూసినాడు. “మీ అత్త చెప్పిన మాట మార్చకుండా పంపుతాను” అన్నాడు. ఆయన ఆడ హోసూరు బస్సు ఎక్కి, హోసూరులో బెంగళూరు బస్సు పట్టుకొని పోయి, ఆ కాగితం మద్రాసు రైలుకి వేసినాకనే డాక్టరు దగ్గరికి పోయినాడంట. తరవాత తెలిసింది. మమ్మల్ని ఊరికి అర మైలు ఇవతల, మా కయ్యల పక్కనే దించినారు. డ్రైవరు బండి తిప్పుకొని పోయేదాకా ఏడుస్తా నిలబడినాము. దుమ్ము సర్దుకున్నాక మా అత్త తపేలా నెత్తిన బోర్లించుకొని గిరగిరా తిరిగింది. నలభై దాటిన మనిషి! ఆయమ్మను అట్ల నేను మళ్లీ చూడలేదు.

మూడు దినాలకి బస్సు కండక్టరు చేతిలో పేపరు వచ్చింది. మా ఇంటి ముందర వీధి వీధంతా చేరింది. పైన పెద్ద అక్షరాల్లో, ‘కృష్ణగిరిలో స్వల్ప లాఠీచార్జి’ అనే వేసినారు. మద్రాసులో కూర్చున్నోళ్లకి ఆ ‘స్వల్ప’ లేకపోతే ముద్ద దిగదేమో. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. కానీ కింద చదువుతా పోతే ఉంది, నేను రాసింది రాసినట్లే. ‘కొట్టినారు.’ ఒకసారి కాదు, నాలుగుసార్లు. ‘మగ్గం నేసే ఒక పిల్లవాని తల పగులగొట్టినారు.’ ‘ఒకామెను వీపు మీద కొట్టినారు.’

“యాడుంది ఆ మాట?” అనింది మా అత్త. చూపించినాను. ఆయమ్మ వేలు పెట్టి దాన్ని తడిమింది. మళ్లీ చూపించమనింది. నాలుగు చోట్లా తడిమింది. మా ఆయన అంతవరకు గోడకి ఆనుకొని ఉన్నవాడు, “ఇంకోసారి చదువు, నేను మొదట్లో సరిగ్గా వినలేదు” అన్నాడు. అతను అన్నీ విన్నాడని నాకు తెలుసు. మళ్లీ చదివినాను.

పదిరోజులకి సబ్ ఇన్‌స్పెక్టరు హోసూరు సైకిలంగడికి పోయినాడంట. ‘నీ చేయి విరిగింది గదా, ఎవురు రాసినారు ఇది?’ అని అడిగినాడంట. ‘ఎడమచేత్తో రాసినాను’ అన్నాడంట పేపరాయన. రాసి చూపించమంటే, కాగితం మీద గీతలు గీసి ఇచ్చినాడంట, కోడి కెలికినట్లు. ‘దీన్ని ఎవురు చదవగలరు?’ అంటే, ‘మద్రాసులో అచ్చు కూర్చేవాళ్లు శానా తెలివైనోళ్లు సార్’ అన్నాడంట. సబ్ ఇన్‌స్పెక్టరు లేచి పోయినాడు. తల పగిలిన పిల్లోడు బతికినాడు గానీ ఒక చెవి వినపడకుండా పోయింది. కొట్టినందుకు ఎవురినీ ఏమీ అనలేదు. దాన్ని గూడా నేనే రాసినాను. అది అచ్చు కాలేదు.

పేపరాయన మణికట్టు వంకరగానే అతుక్కునింది. బోల్టు బిగించగలిగేవాడు గానీ పెన్ను నిలిచేది కాదు. అందుకని ప్రతి వారం శూలగిరి సంతకి వచ్చేవాడు, ఆయన చెప్తే నేను రాసేదాన్ని. రెండేండ్లు పోయినాక ఆయన చెప్పకుండానే రాసి పెట్టేదాన్ని. ఆయన చదివి, ఒకటో రెండో దిద్ది, ‘బాగుంది’ అనేవాడు. ఆ ‘బాగుంది’ కోసం నేను వారమంతా ఊరంతా తిరిగేదాన్ని.

సొసైటీ అంగడికి సరుకు మాత్రం వచ్చింది, నెల తిరిగినాక. బియ్యం కాదు, రాగులు కాదు. గోధుమలు. యాడినించో ఓడలో వచ్చినాయంట. మా ఊర్లో గోధుమల్ని ఎట్ల వండేదో ఎవురికీ తెలియదు. మా అత్త వాటిని దంచి, ఉడకబెట్టి, సంగటి మాదిరి ముద్ద చేసి పెట్టింది. అందరం కూర్చొని ఒకేసారి నోట్లో పెట్టుకున్నాము. అది దవడలకి బంక మాదిరి అంటుకునింది. మింగలేము, ఉమ్మలేము, నోరు తెరవలేము. మా ఆయన నీళ్లచెంబు కోసం చేత్తో సైగలు చేస్తా ఉన్నాడు, మా మామ తల అడ్డంగా ఊపుతా ఉన్నాడు, మా అత్త నోరు మూసుకొనే ముక్కుతో నగుతా ఉంది. ఊర్లో అంత నోరున్న మనిషి అంతసేపు మాట్లాడకుండా కూర్చునింది ఆ ఒక్కసారే.